క్యాంపు అయి మూడు వారాలైంది, పిల్లలు చల్లబడిపోయారు. ఏం చేయాలి?

గట్టుమీద_గొర్రె (మొదటి పోస్ట్)

అందరికీ వందనాలు. మా సంఘంలో (చర్చిలో) యూత్ బాధ్యత నాకిచ్చి రెండేళ్లయింది. ఈమధ్య నాలుగు రోజుల క్యాంపుకి 26 మంది పిల్లల్ని తీసుకెళ్లాం, అందరూ 13 నుంచి 17 ఏళ్ల వాళ్లే. చివరి రాత్రి మీటింగ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. వర్తమానం (ప్రసంగం) అయ్యాక ముందుకు రమ్మంటే ఇరవై మంది దాకా వచ్చారు. ఏడ్చారు, ఒకళ్లనొకళ్లు క్షమాపణ అడిగారు. ప్రభువుకి ఏం మాటిస్తున్నారో చీటీల మీద రాసి సంతకాలు పెట్టి నాకిచ్చారు. తిరుగు ప్రయాణంలో బస్సంతా పాటలే.

ఇంటికొచ్చాక మొదటి ఆదివారం యూత్ మీటింగ్‌కి 22 మంది వచ్చారు. రెండో ఆదివారం 13. నిన్న ఏడుగురు. వాట్సాప్ గ్రూపులో రోజూ ఉదయం ఒక వాక్యం పెడుతున్నాను. మొదట్లో అందరూ ఆమెన్ ఆమెన్ అనేవాళ్లు, ఇప్పుడు నీలం టిక్కులు తప్ప ఏమీ లేవు. క్యాంపులో అందరికంటే ఎక్కువ ఏడ్చిన కుర్రాడు నిన్న గుమ్మం దగ్గర ఎదురుపడి, తల దించుకుని పక్కనుంచి వెళ్లిపోయాడు. అది చూశాక రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ మంట ఆరిపోకుండా ఏం చేయాలి? నెలకోసారి రీయూనియన్ పెట్టనా? మూడు నెలల్లో ఇంకో చిన్న క్యాంపు పెడదామంటున్నారు మా కమిటీ వాళ్లు. మీ అనుభవం చెప్పండి.

ఐతుకు_మూడో_అంతస్తు

ముందు ఒక్క ప్రశ్న అన్నా. ఆ నాలుగు రోజుల్లో పిల్లలు ఎన్ని గంటలు పడుకున్నారు?

నేను పదకొండేళ్లు క్యాంపుల్లో కౌన్సెలర్‌గా పనిచేశాను. నా పేరు చూసి నవ్వకండి, బైబిల్లో, త్రోయ అనే ఊళ్లో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చుని కునికిపాట్లు పడి మూడో అంతస్తు నుంచి పడిపోయిన కుర్రాడు నాకు చాలా ఇష్టం. చివరి రాత్రి పిల్లలు ఏడ్చే ఏడుపులో ఆత్మ పని ఎంత, నిద్రలేమి ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాదు. రెండూ ఉంటాయి. ఫోను చేతిలో లేదు, స్నేహితులు పొద్దస్తమానం పక్కనే ఉన్నారు, వంద గొంతులు కలిసి పాడుతున్నాయి, ఇంట్లో గొడవలు కనబడనంత దూరంలో ఉన్నాయి. అంత సిద్ధం చేసిన నేలలో గుండె కరగకపోతేనే ఆశ్చర్యం.

అది అబద్ధం అని నేననను. కానీ ఇంటికెళ్లిన మూడో రోజో నాలుగో రోజో ఆ పొంగు దిగుతుంది. దిగుతుందని మనం ముందే చెప్పం కాబట్టి, పిల్లవాడు ‘దేవుడు వెళ్లిపోయాడు’ అనుకుంటాడు. లేదా ‘నాది నటన’ అనుకుంటాడు. రెండోదే ఎక్కువ.

ఇప్పుడు నేను బస్సు ఎక్కించే ముందు అరగంట కూర్చోబెట్టి చెప్తాను: ‘బుధవారానికల్లా ఇది తగ్గుతుంది. తగ్గినప్పుడు కంగారుపడొద్దు. అది ఓటమి కాదు, నిద్ర తీరడం.’ మీరు మూడు వారాలు ఆలస్యమయ్యారు, అయినా ఇప్పుడు చెప్పొచ్చు.

గిటారు_తీగ

ప్రైజ్ ద లార్డ్ అన్నా. నేనైతే రీయూనియన్‌కే ఓటు వేస్తాను. క్యాంపులో పాడిన పాటలే ప్రతి వారం పాడించండి. పాట మొదలైతే చాలు, ఆ రాత్రి మొత్తం గుర్తొస్తుంది. ఫొటోలు స్క్రీన్ మీద వేయండి. మా దగ్గర ఇలా చేస్తే రెండు నెలలు హాలు నిండింది.

ఐతుకు_మూడో_అంతస్తు

మూడో నెల?

గిటారు_తీగ

మూడో నెల పరీక్షలు వచ్చాయిలే అన్నా 🙂

ఇద్దరు_టీనేజర్ల_అమ్మ

నేను చెప్పేది ఒప్పుకోలు లాంటిది. యూత్ లీడర్ల తప్పు కాదు, మా ఇంట్లో జరిగిన తప్పు.

మా పెద్దమ్మాయి 14 ఏళ్లప్పుడు క్యాంపు నుంచి వచ్చి, తెల్లవారుజామున ఐదింటికి అలారం పెట్టుకుంది. మొదటి రోజు లేచింది. రెండో రోజూ లేచింది. భోజనాల దగ్గర ‘మనింట్లో కుటుంబ ప్రార్థన ఎందుకు మానేశాం?’ అని అడిగింది. వాళ్ల నాన్నకి చురుక్కుమంది, నాకూ అంతే. నాలుగో రోజు అలారం మోగుతున్నా లేవలేదు. ‘ఏంటమ్మా, క్యాంపు భక్తి అప్పుడే అయిపోయిందా?’ అన్నారాయన. సరదాకే అన్నారు, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి బల్ల మీదున్న బైబిలు సొరుగులోకి వెళ్లింది. ఏడాదిన్నర దాకా బయటికి రాలేదు.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. పిల్ల అడిగిన ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు, అందుకే ఎగతాళి చేశాం. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 6లో ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమని ఉంది. అందులో ‘క్యాంపుకి పంపి చేతులు దులుపుకో’ అని లేదు.

మీరు పిల్లల కోసం ఇంకో ప్రోగ్రాం పెట్టేముందు, తల్లిదండ్రుల్ని ఒక్క గంట కూర్చోబెట్టండి. క్యాంపులో ఏం చెప్పారో మాకెవరూ చెప్పలేదు. బ్యాగులో మురికి బట్టలు వచ్చాయి, పిల్ల మనసులో ఏం వచ్చిందో తెలియలేదు. మొదటి వారం ఏం అనకూడదో చెప్పినా మాకు చాలా మేలు జరిగేది.

గట్టుమీద_గొర్రె

అక్కా, తల్లిదండ్రుల సంగతి నాకు అసలు తట్టలేదు. అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకోవడం తప్ప వాళ్లతో నేను మాట్లాడిందే లేదు. ఏం అనకూడదో రాశారు, ఏం అడగాలో కూడా చెప్పండి.

ఇద్దరు_టీనేజర్ల_అమ్మ

‘రోజూ చదువుతున్నావా’ అని అడగొద్దు. అది హోంవర్క్ ప్రశ్న. చిన్నవాడు క్యాంపు నుంచి వచ్చినప్పుడు నేను ‘అక్కడ నీకు అర్థం కానిది ఏదైనా ఉందా?’ అని అడిగాను. పది నిమిషాలు మాట్లాడాడు. మీకు నమ్మకం కుదరదు గానీ, పదమూడేళ్ల మగపిల్లవాడు పది నిమిషాలు మాట్లాడాడు. ఎదురెదురుగా కూర్చోబెట్టి కాదు, ఇద్దరం బట్టలు మడతపెడుతూ. కళ్లలోకి చూడాల్సిన పని లేకపోతే వీళ్లకి మాట బాగా వస్తుంది.

తిరిగొచ్చినవాడు

చదివి వెళ్లిపోదామనుకున్నాను, కానీ తల దించుకుని వెళ్లిపోయిన కుర్రాడి గురించి రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. ఆ కుర్రాణ్ని నేనే.

14, 15, 16 ఏళ్లకి మూడు క్యాంపులు. మూడుసార్లూ ముందుకి వెళ్లాను. మొదటిసారి నిజంగానే ఏదో జరిగింది, ఇవాళ్టికీ దాన్ని కాదనను. తిరిగొచ్చిన వారమే పెద్ద ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు. పద్నాలుగేళ్ల వాడికి సాక్ష్యం ఏముంటుంది? కొంచెం పెంచి చెప్పాను. ‘నేను చాలా చెడ్డవాణ్ని, ఇప్పుడు మారిపోయాను’ అన్నాను. అందరూ హల్లెలూయా అన్నారు. ఒక పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి ఏడ్చారు. ఆ రోజు నుంచి నేను ‘మారిన కుర్రాణ్ని’.

మారిన కుర్రాడు మళ్లీ పాత తప్పు చేస్తే ఎవరికి చెప్పుకుంటాడు? చెప్పుకోవడానికి ఎవరూ లేరు. చెప్తే ఆ సాక్ష్యం అబద్ధమవుతుంది, ఆ పెద్దాయన కన్నీళ్లు అబద్ధమవుతాయి. అందుకని తర్వాతి ఏడాది క్యాంపులో మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాను. మళ్లీ చీటీ, మళ్లీ సంతకం. మూడోసారి సంతకం పెడుతున్నప్పుడు నాకే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే సంఘానికి దూరమయ్యాను. తొమ్మిదేళ్లు.

నన్ను తిరిగి తీసుకొచ్చింది ప్రసంగం కాదు. సౌండ్ సిస్టమ్ చూసే పెద్దాయన ఒకరున్నారు. ఎప్పుడు కనబడినా ‘సాయంత్రం వైర్లు చుట్టాలి, ఖాళీయేనా?’ అనేవారు. అంతే. ఎందుకు రావట్లేదని ఆ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఒక రోజు వెళ్లి వైర్లు చుట్టాను. వారం తర్వాత ఇంకోసారి వెళ్లాను. ఎనిమిది నెలల తర్వాత ఒక సాయంత్రం నేనే నోరు విప్పాను.

మీ కుర్రాడు తల దించుకున్నది మిమ్మల్ని చూసి కాదు సార్. మీ దగ్గరున్న తన చీటీని చూసి.

గట్టుమీద_గొర్రె

ఆ చీటీలు నా బల్ల సొరుగులో ఉన్నాయి. ఆర్నెల్ల తర్వాత తీసి చదివించి, ఎవరెవరు నిలబడ్డారో చూద్దామని దాచాను. ఇప్పుడు ఆ సొరుగు తెరవాలంటే భయంగా ఉంది.

కాపరి_పని

తమ్ముడూ, భయపడకు. నీ ఉద్దేశం మంచిదే. కానీ ఒక్కటి గమనించు.

యేసు రూపం మారి వెలిగిపోయిన రూపాంతరం కొండ మీద ఆయన శిష్యుడు పేతురు ఏమన్నాడో గుర్తుందిగా, ఇక్కడే మూడు పర్ణశాలలు కడదామన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక అలా అన్నాడని మార్కు రాస్తాడు. మన రీయూనియన్లు చాలావరకు ఆ పర్ణశాలలే. ప్రభువు వాళ్లని కిందికి తీసుకొచ్చాడు. కింద ఏముంది? జబ్బుపడ్డ ఒక పిల్లవాడు, చేతకాక నిలబడ్డ తొమ్మిదిమంది శిష్యులు, వాదించే శాస్త్రులు (ధర్మశాస్త్ర పండితులు), ఒక తండ్రి. ‘నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సహాయం చెయ్యి’ అన్న ఆ తండ్రి కేక, కొండ మీది వెలుగు, రెండూ మార్కు 9వ అధ్యాయంలోనే ఉన్నాయి. మనం క్యాంపుల్లో మొదటి సగం చెప్పి ఆపేస్తాం. పిల్లలు ఇంటికెళ్లి బతికేది రెండో సగంలో.

ఇంకో సంగతి. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ పేరు అందరూ వినే ఉంటారు. 1738 మే 24న లండన్‌లో, ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన కూటంలో తన హృదయం వింతగా వెచ్చబడిందని రాసుకున్నాడు. ఎన్ని ప్రసంగాల్లో విన్నామో అది. కానీ తర్వాతి ఏడాది జనవరి 4న అదే మనిషి తన దినచర్యలో ‘నేను ఇప్పుడు క్రైస్తవుణ్ని కాను’ అన్న అర్థం వచ్చేలా రాసుకున్నాడు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు! ముప్పై అయిదేళ్ల బోధకుడికే ఎనిమిది నెలలు తిరగకుండా అలా అనిపిస్తే, పదిహేనేళ్ల పిల్లవాడికి మూడు వారాల్లో అనిపించడంలో వింతేముంది?

ఆయన ఆ వెచ్చదనాన్ని మళ్లీ మళ్లీ రగిలిస్తూ కూర్చోలేదు. 1742లో బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికి జనాన్ని పన్నెండుమంది చొప్పున గుంపులు చేశారు, ఒక్కో గుంపు నాయకుడు వారం వారం ఇంటింటికీ వెళ్లి చందా తేవాలి. అలా వెళ్లిన నాయకులకి ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో తెలియసాగింది. చందా కోసం పెట్టిన ఏర్పాటు కాపుదల అయిపోయింది. క్లాస్ మీటింగ్ అంటే అదే. పన్నెండుమంది, వారానికోసారి, నీ ప్రాణం ఎలా ఉంది అన్న పలకరింపు. అందులో లైట్లూ డ్రమ్సూ లేవు.

గిటారు_తీగ

పాస్టరుగారూ, మీరందరూ కలిసి భావోద్వేగం అంటేనే తప్పన్నట్టు మాట్లాడుతున్నారు. నాకు బాధగా ఉంది. దావీదు రాజు దేవుని మందసం (పవిత్రమైన పెట్టె) ముందు నాట్యం చేశాడు. నేను రక్షణ పొందింది పాట మధ్యలోనే. ఆ పాట లేకపోతే నేను ఎక్కడుండేవాణ్నో నాకు తెలుసు. పిల్లలకి ఏదో ఒక చోట గుండె కదలాలి కదా. చన్నీళ్లు చల్లడం తేలిక.

రిటైర్డ్_సండేస్కూల్_టీచర్

గిటారు బాబు చెప్పింది కొట్టిపారేయకండి. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటాక నది మధ్య నుంచి పన్నెండు రాళ్లు తెచ్చి నిలబెట్టారు. ఎందుకు? రేపు పిల్లలు ‘ఈ రాళ్లేంటి’ అని అడగాలని. గుర్తు పెట్టుకోవడం మంచిదే. అయితే రాళ్లు పెట్టి ముందుకి నడిచారు, రాళ్ల చుట్టూ గుడారాలు వేసుకుని ఉండిపోలేదు. నీ పాటలు ఆ రాళ్లు బాబూ. పాడు.

నాకు 71 ఏళ్లు. నా చిన్నతనంలో మేము సి.ఇ. అనేవాళ్లం, క్రిస్టియన్ ఎండెవర్. చాలామంది దాన్ని ఒక పాత మీటింగ్ పేరనుకుంటారు గానీ, అది పుట్టిందే ఈ సమస్య నుంచి. 1881లో అమెరికాలో పోర్ట్‌లాండ్ అనే ఊళ్లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరుగారి సంఘంలో ప్రార్థనా వారం జరిగింది. యవనస్థులు కొందరు ప్రభువుని అంగీకరించారు. ఆయనకి వెంటనే పట్టుకున్న చింత అచ్చం మన గొర్రె బాబుదే: వీళ్లని ఎలా నిలబెట్టాలి? ఫిబ్రవరి 2న వాళ్లని తన ఇంటికి పిలిచి ఒక నిబంధన చదివి వినిపించాడు. వారం వారం ప్రార్థన కూటానికి రావాలి, వచ్చి ఊరికే కూర్చోకూడదు, ఒక్క మాటైనా పలకాలి. పిల్లలు బిత్తరపోయారట. చివరికి సంతకాలు పెట్టారు.

సంతకం అన్నానని తిరిగొచ్చిన బాబు కోప్పడొద్దు. తేడా ఏంటంటే, అక్కడ సంతకం పెట్టినవాళ్లకి వెంటనే పని అప్పగించారు. ఒక కమిటీ అయితే రానివాళ్లని కనిపెట్టుకుని చూడటానికే. చూడండి, పెద్దలు చేసే పని పిల్లల చేతికిచ్చారు. మన దగ్గర కమిటీలన్నీ నలభై దాటినవాళ్లవే, పిల్లలకేమో యాక్షన్ సాంగ్.

పేరు_చెప్పను_16

ఇక్కడ అందరూ మా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ రాయొచ్చా? నాకు 16. నేనూ పోయిన నెల క్యాంపుకి వెళ్లాను (ఈ అన్న వాళ్లది కాదు, వేరేది).

ఏడాదిలో మొత్తం బైబిలు అనే ప్లాన్ ఇచ్చారు. ఆదికాండం బాగుంది, నిర్గమకాండం సగం బాగుంది, ప్రత్యక్షగుడారం (దేవుణ్ని ఆరాధించే డేరా) కొలతల దగ్గర ఆగిపోయాను. ఇప్పుడు యాప్ తెరిస్తే 17 రోజులు వెనకబడ్డావని ఎర్రగా చూపిస్తుంది. అందుకే తెరవట్లేదు.

ఇంకోటి. క్యాంపులో మేమందరం నా ఫ్రెండ్ వాళ్లమ్మ కోసం ప్రార్థన చేశాం. నేను ఉపవాసం కూడా ఉన్నాను. మేం ఇంటికొచ్చిన ఐదో రోజు ఆవిడ చనిపోయారు. మా కౌన్సెలర్ అక్కకి మెసేజ్ పెడితే ‘విశ్వాసం కోల్పోకు, దేవుడికి ప్లాన్ ఉంది’ అని ఒక స్టిక్కర్ పెట్టింది. నా ఫ్రెండ్‌కి నేనేం చెప్పాలి? యూత్ మీటింగ్‌లో ఈ మాట ఎత్తితే అందరూ నాకు విశ్వాసం తగ్గిందనుకుంటారు. అందుకే వెళ్లట్లేదు. నాకు దేవుడి మీద కోపం లేదు. కొంచెం ఉందేమో.

మోడరేటర్

అమ్మా, స్వాగతం. నువ్వు రాయొచ్చు. మిగతా సభ్యులకి మనవి: ఈ అమ్మాయికి ఎవరూ ప్రైవేటు మెసేజ్ పెట్టొద్దు, ప్రార్థన కోసమైనా సరే. చెప్పేది ఇక్కడే, అందరి ముందూ చెప్పండి. ఊరు, సంఘం పేరు అడగొద్దు.

రిటైర్డ్_సండేస్కూల్_టీచర్

బంగారు తల్లీ. నీ స్నేహితురాలికి ఏమీ చెప్పక్కర్లేదు. పక్కన కూర్చో. యోబు స్నేహితులు ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు, వాళ్లు చేసిన ఒకే ఒక్క మంచి పని అది. నోరు తెరిచాకే అంతా పాడుచేశారు.

కోపం సంగతి. కీర్తన 88 తీసి చదువు, చిన్నదే. ఆ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. చివర్లో ‘అయినా స్తుతిస్తాను’ అని తేల్చేయలేదు. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. కాబట్టి నీ కోపానికీ దేవుడి దగ్గర చోటుంది.

ఆ 17 రోజుల అప్పు ఇవాళే రద్దు. బైబిలు పాత బాకీ కాదు. మార్కు సువార్త 16 అధ్యాయాలే, రోజుకొకటి కూడా వద్దు, చదవాలనిపించినంత చదువు.

కాపరి_పని

అమ్మా, నేనొక పాస్టరుని. మీ కౌన్సెలర్ తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను. ఆమెకి కూడా ఏం చెప్పాలో తెలియలేదు, తెలియదని ఒప్పుకోవడం మేమెవరం ఆమెకి నేర్పలేదు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు, చనిపోయిన అతణ్ని కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా. నీ స్నేహితురాలి తల్లి విషయంలో ఎందుకు అలా జరిగిందో నాకు తెలియదు. నీ ప్రార్థన తక్కువై మాత్రం కాదు. ఈ మాట మీ అమ్మకో నాన్నకో, నీకు నమ్మకమున్న పెద్దవాళ్లకో నోటితో చెప్పు. ఒక్కదానివే మోయకు.

సందేహపడేవాళ్ల మీద కనికరం చూపమని బైబిల్లో యూదా పత్రికలో (యూదా రాసిన లేఖలో) ఉంది. యూత్ లీడర్లందరూ ఆ మాట రాసుకుని గోడకి అంటించుకోవాలి. నాతో సహా.

ఐతుకు_మూడో_అంతస్తు

ఈ పాప రాసింది చదివాక మనం ఇంతసేపు వాదించుకున్నదంతా చిన్నదైపోయింది. మనం ‘పిల్లలు చల్లబడ్డారు’ అంటున్నాం. ఈ పిల్ల చల్లబడలేదు. ఈ ప్రశ్న అడగడానికి ఆమెకి మన మీటింగుల్లో చోటు దొరకలేదు, అంతే. ఆ 26 మందిలో ఇలాంటివాళ్లు ఎంతమందో.

గొర్రె అన్నా, నేనైతే ఇలా చేస్తాను. ఇంకో క్యాంపు వద్దు. చిన్న గుంపు ఒకటి పెట్టు, రెండో మూడో ఉంటే ఇంకా మంచిది. స్టేజీ వద్దు, మైకు వద్దు. ఎవరైనా ‘నాకిది నమ్మబుద్ధి కావట్లేదు’ అంటే కంగారుపడి జవాబివ్వకుండా ‘ఇంకా చెప్పు’ అనగలిగే పెద్దవాళ్లు కావాలి. దొరకడం కష్టం, తెలుసు. మా సంఘంలో అలాంటివాళ్లు ముగ్గురే, అందులో ఒకాయనకి చెవుడు (ఆయనే అందరికంటే బాగా వింటాడు).

ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద అగ్ని దింపాక ఏమైంది? బదరీ చెట్టు కింద పడుకుని చచ్చిపోతానన్నాడు. దేవుడు ఆయనకి క్లాసు పీకలేదు. నిద్రపోనిచ్చాడు, దూతని పంపి తినిపించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. హోరేబు కొండ దగ్గర దేవుడి మెల్లని స్వరం వినబడింది ఆ తర్వాతే.

ఇద్దరు_టీనేజర్ల_అమ్మ

చిన్న గుంపులు మంచివే, తల్లిగా ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. పెద్దవాళ్లు పిల్లలతో విడివిడిగా రాత్రిళ్లు చాటింగ్ చేయడం వద్దు, ఎంత ఆత్మీయులైనా సరే. కలిసేది నలుగురూ తిరిగే చోట, తలుపు తెరిచి ఉండాలి, ఇద్దరు పెద్దవాళ్లుండాలి, ఇంట్లో తెలిసుండాలి. పిల్లలు ఏదైనా ప్రమాదకరమైన సంగతి చెప్తే ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి. ఆ మాట నిలబెట్టుకోలేరు, నిలబెట్టుకోకూడదు కూడా. ఇది మన పరిశుద్ధతని అనుమానించడం కాదు. మంచి మనుషులు కూడా గీత ఎక్కడుందో ముందే గీసుకోవాలి.

తిరిగొచ్చినవాడు

నూటికి నూరుపాళ్లు. నన్ను తెచ్చిన పెద్దాయన ఎప్పుడూ హాల్లోనే మాట్లాడేవారు, పక్కన వాచ్‌మన్ కూర్చుని ఉండేవాడు.

గట్టుమీద_గొర్రె (రెండున్నర వారాల తర్వాత)

ఏం జరిగిందో చెప్పాలి కదా.

తల్లిదండ్రుల్ని పిలిచాను. 26 ఇళ్ల నుంచి పదకొండు మంది వచ్చారు. ఇద్దరు టీనేజర్ల అమ్మగారి అలారం కథ చెప్పాను (పేర్లేం లేవు అక్కా). ఒక తండ్రి లేచి ‘నేను నిన్నే ఆ మాటన్నాను’ అన్నారు. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

చీటీలు తిరిగిచ్చేశాను. ఒక్కొక్కరికీ ‘ఇది నీకూ ప్రభువుకీ మధ్య, నా దగ్గర నకలు లేదు’ అని చెప్పి ఇచ్చాను. ఒకమ్మాయి చదువుకుని ‘అబ్బో, ఇన్ని రాశానా’ అని నవ్వి, అన్నీ కొట్టేసి ఒక్కటి ఉంచుకుంది. తల దించుకుని వెళ్లిన కుర్రాడు ‘మీరు చదివారా?’ అన్నాడు. చదివానన్నాను, అబద్ధం ఆడబుద్ధి కాలేదు. జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఆదివారం రాలేదు. శనివారం కుర్చీలు సర్దుతుంటే వచ్చి ఒక వరస సర్దాడు. నేనేమీ అడగలేదు. అడక్కుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

బుధవారం గుంపు మొదలుపెట్టాం. మొదటి వారం నలుగురు, రెండో వారం ముగ్గురు. మార్కు చదువుతున్నాం. రెండో వారమే ఒక పిల్లవాడు అడిగినదానికి పాత అలవాటుకొద్దీ ఇరవై నిమిషాలు ప్రసంగం చేసేశాను. వాళ్ల మొహాలు చూసి ఆపాను. రానివాళ్లని కనిపెట్టే పని ఇద్దరు పిల్లలకిచ్చాను. ఒకరు బాగా చేస్తున్నారు, ఇంకొకరు మర్చిపోయారు.

వాట్సాప్‌లో రోజూ వాక్యం పెట్టడం మానేశాను, ఎవరూ చూడట్లేదు కదా అని. నాలుగో రోజు ఒక పిల్లవాడు, ఇంతవరకు ఒక్క ఆమెన్ కూడా పెట్టనివాడు, ‘అన్నా, వాక్యం రావట్లేదేంటి? బస్సులో అదే చదువుకునేవాణ్ని’ అని పెట్టాడు. మళ్లీ మొదలుపెట్టాను.

గిటారు_తీగ

ఆ నీలం టిక్కుల్లో ఒకటి వాడిదే అన్నమాట! సరే అన్నా, రీయూనియన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. పాటలు మాత్రం మానను.

రిటైర్డ్_సండేస్కూల్_టీచర్

మానమని ఎవరన్నారు బాబూ.

పేరు_చెప్పను_16

నేను అమ్మకి చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు, తనకీ అదే ప్రశ్న ఉందంది. నా ఫ్రెండ్ స్కూలుకి వస్తోంది, మేం కలిసే కూర్చుంటున్నాం.

మార్కు 4 దగ్గరున్నాను. తుపాను వస్తుంటే ఆయన పడవలో నిద్రపోతున్నాడు, తలగడ మీద. ఈ కథ సండే స్కూల్ నుంచి వింటున్నాను, బొమ్మలు కూడా వేశాను. తలగడ ఉందని ఎప్పుడూ చూడలేదు.